మూడో సొరంగంలో ఏకైక ప్రతి

సముద్రం వచ్చిన నలభై ఒకటో ఏడు. కృత్తిక కార్తె, పదో రోజు. ఎండ. పొద్దున్నే రాయి కాలుతోంది. కొండ ముఖద్వారానికి కట్టిన గోనెపట్టాలు తడిపి మార్చాను.

తర్వాత కేటలాగ్ పని. పడవ పాటల తాటాకు కట్ట రికార్డు సరిచూశాను. ముప్పై ఆకుల కట్ట. చివరి పన్నెండు లేవు. <లోపం> అని ట్యాగు తెరిచి, ఏయే ఆకులు పోయాయో రాసి, </లోపం> అని మూశాను.

మా అక్క బంగారమ్మకు రాత్రంతా ఆయాసం. మేముండేది బయటి సొరంగంలో. అక్కడ చలిగాలి రాదు. చలిగాలి పుస్తకాలది. ఏ గదికి ఎంత చలి, ఏ తలుపు ఎప్పుడు తెరవాలి, అన్నీ కాపరి చూసుకుంటుంది. కాపరి యంత్రం. నోటితో చెబితే వినదు. కేటలాగ్‌లో ఉన్నదే దానికి ఉన్నట్టు. మనుషులు కేటలాగ్‌లో లేరు.

పర్యవేక్షకురాలు హైమవతి గారు అక్క దగ్గు విని నా బల్ల దగ్గరికి వచ్చారు.

"గవర్రాజు గారూ, ఆ పోయిన ఆకుల్లో పాటలు మీ అక్కగారికి వచ్చు కదా?"

వచ్చు. మా బావ వాళ్లు పడవల మీద బతికినవాళ్లు. అక్క కాపురానికి వెళ్లిన ఏడే ఆ పాటలన్నీ నేర్చుకుంది.

ఇక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ఆకులు పోయిన పుస్తకం ఎవరికైనా కంఠతా వస్తే, ఆ మనిషిని ఆ పుస్తకం రికార్డు లోపలే <ప్రతి> అని రాస్తాం. కాపరి వాళ్లకు మూడో సొరంగంలో వినికిడి గది తెరుస్తుంది. పాడించుకుని టేపు ఎక్కిస్తాం. టేపు రెండో ప్రతి అవుతుంది. మనిషి రికార్డు తీసేస్తాం. ఒక పూట పని.

"టేపులు అయిపోయాయి," అన్నాను.

"కాగితం మీద రాసుకోండి. కొత్త కాగితం, పురుగు లేదని తేలేదాకా, నలభై రోజులు పురుగుల కొట్లో ఉండాలి. అప్పటిదాకా అది ప్రతి కింద లెక్కకు రాదు. అంటే నలభై రోజులూ ఆవిడ ఆ గదిలోనే." ఆవిడ నవ్వారు. "రోహిణి కార్తె అంతా చల్లగా గడిచిపోతుంది."

నాకది ఎప్పుడూ తట్టలేదు. సాయంత్రానికి ట్యాగు రాశాను. అక్క లోపలికి వెళ్లింది. గాజు వెనక మంచం మీద కూర్చుని, మాట గొట్టంలో అంది.

"ఒరే తమ్ముడా, సల్లగా ఉన్నాదిరా. సచ్చి సొర్గానికెల్లినట్టున్నాది."

కృత్తిక కార్తె, పదమూడో రోజు. ఎండ. వడగాలి. పాటలు రాసిన కాగితాలు పురుగుల కొట్లో పెట్టించి రెండు రోజులైంది. ఈ రోజు దీపాల గాజులు తుడిచాను.

అక్క ఆయాసం తగ్గింది. మధ్యాహ్నం గాజు దగ్గరికి వెళ్లేసరికి పడీపడీ నవ్వుతోంది. గోడలోంచి కాపరి చెయ్యి వచ్చిందట. మెత్తటి గుడ్డతో ఆమె రెండు చేతులకూ నిమ్మగడ్డి నూనె రాసి వెళ్లిపోయిందట.

"మీ బావ కూడా ఎప్పుడూ ఇలాగ రాయనేదురా. మంచి మొగుడే దొరికినాడు."

తలుపుల మేస్త్రి దాలినాయుడు నా పక్కనే ఉన్నాడు. "వదినా, ఆడికి కట్నం ఎంతిచ్చినావేటి?" అన్నాడు. అక్క గాజు మీద కొట్టింది.

నేనూ నవ్వాను. నిమ్మగడ్డి నూనె తాటాకులకు రాస్తారు. ఆ మాట బల్ల దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది.

రికార్డు తెరిచి చూశాను. అక్క <ప్రతి> లోపల <ఆధారం> ట్యాగు లేదు. పుస్తకం దేని మీద ఉందో చెప్పే ట్యాగు అది. తాటాకు, కాగితం, రాగిరేకు, టేపు. మనిషి అన్న మాట ఆ జాబితాలో లేదు. అందుకే ఎవరూ రాయరు. లోపలి ట్యాగు చెప్పని సంగతి కాపరి బయటి ట్యాగు నుంచి తీసుకుంటుంది. పెట్టెకు వేరే తాళం లేకపోతే గది తాళమే దాని తాళం. బయటి ట్యాగులో తాటాకు అని ఉంది.

నూనె రాస్తే రాసింది అనుకున్నాను.

రోహిణి కార్తె, రెండో రోజు. ఎండ. ఆకాశం తెల్లగా ఉంది. నీళ్ల తొట్టి కడిగాను.

దాలినాయుడి కూతురికి పేరు పెట్టారు. అక్క వస్తానంది. ఒక గంట పోయి రావచ్చు కదా అంది. తలుపు తెరుచుకోలేదు. తలుపు పక్క పలక మీద కాపరి రాసింది: ఏకైక ప్రతి. బయటకు వెళ్లదు.

దాలినాయుడు గాజు దగ్గరికే బిడ్డను తెచ్చి చూపించాడు. అక్క గాజుకు పెదవులు ఆనించి ముద్దు పెట్టింది. పెదవులు పగిలి ఉన్నాయి. గదిలో తేమ తీసేస్తున్నట్టుంది. తాటాకుకు తేమ పడదు. గిన్నెలు పంపే చిన్న కిటికీలోంచి రెండు చెంబుల నీళ్లు అదనంగా పెట్టాను.

"ఏటిరా అలాగ సూస్తన్నావు?" అంది.

"ఏం లేదు," అన్నాను.

రోహిణి కార్తె, ఐదో రోజు. ఎండ. మధ్యాహ్నం ఒక మబ్బు వచ్చి పోయింది. పురుగు గాలి పంపే డబ్బాలు లెక్క చూసి మూతలు బిగించాను. ఏటా ఈ రోజుల్లో చేసే పనే.

మృగశిర మొదటి రోజున, వానలకు ముందు, తాటాకు గదులన్నిటిలో కాపరి మామూలు గాలి తీసేసి పురుగు బతకని గాలి నింపుతుంది. ఒక పగలు, ఒక రాత్రి. అప్పుడు తలుపులకు, కిటికీలకు రబ్బరు పట్టీ బిగుస్తుంది. ఏ గదులకు ఎన్ని డబ్బాలో పలక మీద వస్తుంది. పన్నెండేళ్లుగా ఆ పలక చూస్తున్నాను. ఎప్పుడూ అవే గదులు.

ఈ రోజు చివర ఇంకో పేరు ఉంది. వినికిడి గది.

పలక ఆర్పి మళ్లీ వెలిగించాను. అదే ఉంది.

ఎవరికీ తట్టకపోవడానికి కారణం ఉంది. ఆ గదిలో ఇదివరకు ఎవరూ ఒక పూట కంటే ఎక్కువ లేరు. చల్లగా ఉంటుందని రోజులు పెంచుకున్నది మేమే.

హైమవతి గారికి చెప్పాను. ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయారు.

"రికార్డు తీసేద్దాం. ఇప్పుడే తీసేద్దాం."

తీయబోయాం. కాపరి ఒప్పుకోలేదు. ఏకైక ప్రతి రికార్డును తీయడం, మార్చడం, కదిలించడం కుదరదు. రెండో ప్రతి చేరితే తప్ప. పుస్తకాల దొంగలు తిరిగిన రోజుల్లో పెట్టిన నియమం. <ఆధారం> ట్యాగు చేర్చడం కూడా మార్చడమే. జాబితాలో మనిషి అన్న మాట చేర్చి, మా రికార్డు మార్చనివ్వమని, ఈ నియమాలన్నీ పెట్టే పెద్ద భాండారానికి రేడియోలో పంపాం. అక్కడి నుంచి జవాబు రావడానికి మామూలుగా నెల పడుతుంది.

"కాగితాలు?" అన్నారు ఆవిడ, జవాబు తెలిసే.

కాగితాలు పురుగుల కొట్లోంచి వచ్చేసరికి మృగశిర వెళ్లిపోతుంది.

అక్కకు ఇంకా చెప్పలేదు.

రోహిణి కార్తె, ఆరో రోజు. ఎండ. చేసిన పని ఏమీ లేదు.

దాలినాయుడు గునపం, రంపం తెచ్చాడు. తలుపు బిగించింది వాళ్ల నాన్న. ఎక్కడ బలహీనంగా ఉందో తనకు తెలుసన్నాడు. మూడు దెబ్బలు వేశాడు. నాలుగో దెబ్బకు చెయ్యి ఎత్తి అలాగే ఆగిపోయాడు. నా చెవుల్లో హోరు మొదలైంది. దీపం మంట చిన్నదైంది. కాపరి నడవలో గాలి తీసేస్తోంది. దొంగలనుకుంది.

ఇద్దరం పాకుతూ బయటపడ్డాం. దాలినాయుడు గోడకు ఆనుకుని వాంతి చేసుకున్నాడు.

"ఆడికి కళ్లున్నాయి కదా గవర్రాజూ. మనిషిని మనిషని సూడ్లేడా?"

కళ్లున్నాయి. కేటలాగ్ చెప్పినదే చూస్తాయి.

అక్క అంతా గాజు వెనక నుంచి చూసింది. ఇక చెప్పక తప్పలేదు. మాట గొట్టంలో చెప్పాను. ఆమె కొంగుతో గాజు తుడిచింది, అటువైపు మరక ఉన్నట్టు.

"ఎన్ని రోజులుందిరా?"

చెప్పాను.

"సరే. నువ్వు అన్నం తిన్నావా?"

రోహిణి కార్తె, ఎనిమిదో రోజు. మబ్బు. ఉక్క. వినికిడి గదికి నూనె పంపే గొట్టం కడిగాను.

ఆలోచన దాలినాయుడిది. నూనె గొట్టం బయటి నడవ నుంచి గోడలో దూరి గదిలోకి వెళ్తుంది. వేలు పట్టేంత సన్నం. నూనె నింపే రోజున దాన్ని విప్పితే కాపరి అడగదు. ఈ రోజు నూనె రోజు. గొట్టాన్ని మూడుసార్లు వేడినీళ్లతో కడిగి, డబ్బాకు తగిలించకుండా కొసను బయటి గాలికి వదిలేశాం. కాపరి చెయ్యికి దాలినాయుడు చిన్న సీసాతో విడిగా నూనె ఏర్పాటు చేశాడు.

లోపలి కొస నోట్లో పెట్టుకుని పీల్చాలి. ముక్కుకు బట్టల క్లిప్పు. గాలి గదిలోకి వదలాలి. ఒక పగలు, ఒక రాత్రి.

అక్క ప్రయత్నించింది. ఒక పాట పాడేంత సేపు కూడా పీల్చలేకపోయింది. ముఖం నల్లబడింది. గొట్టం వదిలేసి మంచం పట్టుకుని వంగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అంతే.

"నావల్ల కాదురా. ఈ గుండెలు ఎప్పుడో పాడైపోనాయి."

బయటి వైపు నుంచి నేను పీల్చి చూశాను. కష్టమే. కానీ దాలినాయుడు పార పని ముగించుకుని వచ్చేదాకా పీలుస్తూనే ఉన్నాను.

గొట్టంలో నిమ్మగడ్డి వాసన పోలేదు.

రోహిణి కార్తె, తొమ్మిదో రోజు. మబ్బు. గాలి లేదు. బియ్యంలో రాళ్లు ఏరాను, పాటలు నేర్చుకుంటూ.

కాగితం నలభై రోజులు ఆగాలి. టేపు లేదు. మనిషిని మాత్రం కాపరి అప్పటికప్పుడు ప్రతిగా తీసుకుంటుంది. ఇద్దరూ వినికిడి గదిలో నిలబడి పాడాలి. రెండూ సరిపోతే రెండో ప్రతి చేరినట్టు. అప్పుడు మొదటి రికార్డు తీసేయవచ్చు. ఇద్దరినీ ఒకేసారి తీయడం కుదరదు. చివరికి ఒకరు మిగలాలి.

హైమవతి గారితో అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. దాలినాయుడు తాను వెళ్తానన్నాడు. అతనికి పేరు పెట్టిన బిడ్డ ఉంది. అతని గొంతు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. నాదీ అంతే. కానీ నాకు అక్క గొంతు చిన్నప్పటి నుంచి తెలుసు. ఇంతకంటే వాదించలేదు.

అక్కకు మాత్రం ఊరికే నేర్చుకుంటున్నానని చెప్పాను. ఆమె సంబరపడింది. నేను ఎన్నడూ పాడినవాణ్ని కాను. పోయిన పన్నెండులో మొదటి ఆకు పాటకే కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది.

"పడవ మునిగిపోద్దిరా నీ గొంతుకి!"

ఏడో ఆకు పాట నాకు నచ్చింది.

*గట్టు మీద దీపం పెట్టు, గాలికారని దీపం పెట్టు,
నీటి మీద నేనున్నానని నీకు తెలిసే దీపం పెట్టు.*

రోహిణి కార్తె, పన్నెండో రోజు. చినుకు పడి ఆగింది. చెప్పులు కుట్టుకున్నాను.

పన్నెండు పాటలూ వచ్చాయి. పొద్దున నా <ప్రతి> ట్యాగు అక్క దాని కిందే రాశాను. నియమం ప్రకారం అది కూడా తాటాకు కట్ట రికార్డు లోపలే ఉండాలి. వేరే చోట పెడితే కాపరి తీసుకోదు. ఆధారం టేపనో రాగిరేకనో రాస్తే వినికిడి గది తెరవదు. తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్లాను. నా వెనక మూసుకుంది.

అక్కను ముట్టుకుని పదహారు రోజులైంది. చెయ్యి కాగితంలా పొడిగా ఉంది.

ఇద్దరం పాడాం. ఆరు ఆకులు సరిపోయాయి. ఏడో ఆకులో నేను దీపం అన్నాను. అక్క "గట్టు మీద పీట పెట్టు" అంది. పలక మీద ఎర్రగా వచ్చింది: భేదం. చేర్చుకోలేదు.

తలుపు తెరుచుకుంది, నాకు మాత్రం.

"పీటేంటక్కా?"

"మర్సిపోనాను."

నలభై ఏళ్లుగా ఆమె ఆ పాటలో మాట తప్పలేదు. గడపలో నిలబడి ఆమె ముఖం చూశాను. ఆమె గోడ వైపు తిరిగింది.

"నాను కట్ట లోపలి ఆకుని. నువ్వు ఆకువి కాదు. ఎల్లు. నిన్ను దీన్లో ఎట్టి నాను బైటికొచ్చీసి ఏటి సేసుకోను? ఎల్లరా!"

తలుపు మూసుకుపోతుంటే బయటికి వచ్చేశాను.

రోహిణి కార్తె, పదమూడో రోజు. ఉక్క. పడమట ఉరుములు. గొట్టం మళ్లీ కడిగాను.

పొద్దంతా గాజు దగ్గర కూర్చున్నాను. నాకు ఎక్కువ మాట్లాడడం రాదు. అక్క గోడ వైపే తిరిగి కూర్చుంది. మధ్యాహ్నం పెట్టిన గిన్నె అలాగే వెనక్కి పంపింది.

చివరికి దాలినాయుడు మాట గొట్టం నా చేతిలోంచి లాక్కున్నాడు.

"వదినా, లోపల నువ్వుంటే ఇద్దరూ పోతారు. నువ్వు ఊపిరాడక, ఈడు నీ ఎనకాల ఏడ్చి. ఈడుంటే ఒక్కడికైనా దారుంది. ఈడి గుండెలు ఎద్దు గుండెలు. మెదడు కూడా అదే అనుకో."

అక్క నవ్వలేదు. కానీ ఇటు తిరిగింది.

అప్పుడు నేను చెప్పాను. ఒక పగలూ రాత్రీ మేలుకుని ఉండాలి. కునుకు పడితే గొట్టం జారిపోతుంది. బయటి కొస దగ్గర ఎవరైనా పాడుతూ ఉంటే ఆ పాట గొట్టంలో నాకు వినిపిస్తుంది. అది వినిపిస్తున్నంత సేపు గొట్టం మూసుకుపోలేదని కూడా తెలుస్తుంది. దాలినాయుడు పాడితే నేనే గొట్టం వదిలేస్తాను.

అక్క మంచం దిగి గాజు దగ్గరికి వచ్చింది.

"పగలూ రాత్రీ నాను పాడగల్నా?"

"మెల్లగా పాడు. మధ్యలో హైమవతి గారు పలుకుతారు."

"ఆయమ్మకి రాగం రాదు." కొంగు నడుముకు చుట్టింది. "రా."

వెళ్లాను. పన్నెండు ఆకులూ సరిపోయాయి. ఏడో ఆకు దగ్గర ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పలక మీద పచ్చగా వచ్చింది. బయట హైమవతి గారు అక్క రికార్డు తీసేశారు. తలుపు తెరుచుకుంది. గడప దగ్గర అక్క నా తల నిమిరింది, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు నిమిరినట్టు. వెళ్లింది. నేను ఒక అడుగు ఆమె వెనకే వేశాను. ఎందుకు వేశానో తెలియదు. తలుపు మూసుకుంది.

పలక మీద: ఏకైక ప్రతి.

రోహిణి కార్తె, పద్నాలుగో రోజు. ఇక్కడి నుంచి ఆకాశం కనిపించదు. మబ్బు అని హైమవతి గారు చెప్పారు. మంచం దులిపాను.

కాపరి చెయ్యి వచ్చింది. చేతులు చాపమని అది అడగలేదు. దానంతట అదే పట్టుకుంది. గట్టిగా కాదు. ఆకు విరగకూడదన్నంత జాగ్రత్తగా పట్టుకుంది. వేళ్ల సందుల్లో కూడా నూనె రాసింది. నా బొటనవేలి మీద పాత కోత గాటు ఉంది. దాని దగ్గర ఆగింది. పలక మీద వచ్చింది: పురుగు జాడ.

నాకు భయం వేసింది. ఇదివరకు వేయలేదని కాదు. ఇప్పుడు రాస్తున్నాను.

పెద్ద భాండారం నుంచి జవాబు లేదు.

గొట్టం పీల్చి చూశాను. గాలి వస్తోంది. బయటి నుంచి అక్క ఊఁ కొట్టింది. వినిపించింది. క్లిప్పుకు గుడ్డ చుట్టాను. గొట్టానికి దారం కట్టి మెడలో వేసుకున్నాను, జారినా దూరం పోకుండా. రికార్డులో నా పేరు ఉన్న చోటును హైమవతి గారు గాజుకు ఆనించి చూపించారు. నేను రాసిన ట్యాగే. తెరిచినది మూసి ఉంది. తప్పేమీ లేదు.

మృగశిర కార్తె, మొదటి రోజు. వాన. గొట్టంలో చప్పుడు వినిపిస్తోంది. చేసిన పని తర్వాత రాస్తాను.

పొద్దున రబ్బరు పట్టీలు బిగుసుకున్నాయి. మాట గొట్టం, గిన్నెల కిటికీ మూసుకుపోయాయి. గాజు మీద లోపలి నుంచి ఇనప రేకు దిగింది. ఎవరూ కనిపించరు. ముక్కుకు క్లిప్పు పెట్టుకున్నాను. గొట్టం నోట్లో ఉంది. రాయడానికి చేతులు ఖాళీగా ఉన్నాయి. రాస్తుంటే కునుకు రాదు.

పైన చిల్లుల్లోంచి గాలి దిగే చప్పుడు మొదలైంది. దీపం ఎర్రబడి ఆరిపోయింది. కాపరి పలక వెలుతురు చాలు.

దీపం ఆరగానే ఒక తప్పు చేశాను. భయంతో నోరు తెరిచాను. ఒక్క గుక్క గది గాలి లోపలికి వెళ్లింది. ఏ వాసనా లేదు. మోకాళ్లు వంగిపోయాయి. మెడలో దారం లేకపోతే గొట్టం దొరికేది కాదు. మళ్లీ పీల్చాను. నిమ్మగడ్డి. వాన. అక్క.

మొదటి ఆకు నుంచి మొదలుపెట్టింది. మెల్లగా పాడుతోంది. ఆకుకూ ఆకుకూ మధ్య దగ్గు. దగ్గినప్పుడు ఎంతసేపో లెక్కపెట్టకుండా కాచుకుంటాను. మళ్లీ పాట వస్తుంది.

పాటలు మూడో చుట్టు తిరిగాయి. పగలు ఎంత పోయిందో తెలియదు. దవడ నొప్పి. ఇప్పుడు రాగం లేకుండా ఎవరో మాటలు చదువుతున్నారు. హైమవతి గారు. పక్కనే అక్క ఆవిణ్ని దిద్దుతోంది. తర్వాత దాలినాయుడి గొంతు ఒక ముక్క వినిపించింది, వెంటనే ఆగింది. ఎవరో కొట్టినట్టున్నారు. నవ్వు వచ్చింది. నవ్వకూడదు. నోటి మూలలు బిగపట్టాను.

చేతి రాత వంకరగా పోతోంది. వేళ్లకు నూనె.

అక్క మళ్లీ వచ్చింది. ఏడో ఆకు. గట్టు మీద పీట పెట్టు అంది. కావాలనే అంది. మేలుకుని ఉన్నానో లేదో చూస్తోంది. గొట్టంలోకి ఊదకూడదు, పీల్చడమే. అయినా ఒక్కసారి చిన్నగా ఊదాను. అటువైపు పాట ఆగింది. తర్వాత ఆమె ఏడుస్తూ సరైన మాట పాడింది.

పాట సాగుతోంది. ఎనిమిదో ఆకు. తొమ్మిది. వాన పెద్దదైంది. ఇంకా ఎంతసేపో. చేసిన పని రాస్తానన్నాను కదా. పొద్దున పట్టీలు బిగుసుకోకముందు, మంచం కింద ఉన్న అక్క చెప్పులు తుడిచి తలుపు దగ్గర పెట్టాను. పదో ఆకు వినిపిస్తోంది.